ఆ చుక్కల సీసా ఫొటో పంపు

కిట్టూ,

ఇక్కడ అందరం బాగున్నాం. మామిడి ఈసారి పూత బాగా పట్టింది. మేస్త్రీ మళ్ళీ రాలేదు, పెరటి గోడ అలాగే ఉంది. నీ ఫోన్ వచ్చి పదిహేను రోజులైంది, పనుల్లో ఉండుంటావు. మొన్న సుజాత మాటల్లో చెప్పింది, దసరా నుంచి కళ్ళ దురదకి మెడికల్ షాపు చుక్కలు వేసుకుంటున్నావట, ఎరుపు ఇట్టే తగ్గుతోందట. ఆ 'ఇట్టే తగ్గడమే' నాకు భయం.

సీసా తిప్పి చదువు. మాక్సిఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ పేరు కింద సన్నటి అక్షరాల్లో డెక్సామెథాసోన్ అని ఉందా? బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అయినా ఒకటే, స్టెరాయిడ్. అడ్రినల్ గ్రంథులు చేసే కార్టిసాల్ హార్మోన్‌ని పోలిన మందే, బలం మాత్రం ఎక్కువ.

కంటి లోపల నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్ల నీరు ఊరుతుంది. నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసేచోట ఉన్న జల్లెడలోంచి బయటికి పోతుంది. ఊటా పారుదలా సరిపోతే కంటి లోపలి ప్రెషర్ 10 నుంచి 21 mmHg మధ్య ఉంటుంది. పగలు అడ్రినలిన్ ఊటని పెంచుతుంది, నిద్రలో ఊట సగానికి పడిపోతుంది. స్టెరాయిడ్ మాత్రం జల్లెడ మీదే పడుతుంది. కణాలు బిరుసెక్కి, సందుల్లో ప్రొటీన్లు పేరుకుని, నీరు పోయే దారి పూడుతుంది, లోపల ప్రెషర్ పెరుగుతుంది. నొప్పి లేదు, ఎరుపు లేదు, చూపు కూడా బాగానే ఉంటుంది.

రాజ్యం పెద్దమ్మ వేణుకి అలాగే జరిగింది. ఇలాంటి చుక్కలే, ఎనిమిది నెలలు. దురద మొదలైతే సీసా, తగ్గితే పక్కన, మళ్ళీ సీసా. ఎడమ పక్కనుంచి వచ్చే ఆటోలు చివరి నిమిషం దాకా కనపడక బండి రెండుసార్లు తగిలించాడు. అద్దాల కోసమని వెళ్తే అక్షరాలన్నీ చదివేశాడు, 6/6. ఆ డాక్టరు అంతటితో వదిలెయ్యకుండా ప్రెషర్ చూస్తే 38. చుక్కలు ఆపించి మందులు రాస్తే మూడు వారాల్లో 17కి దిగింది. ఆ ప్రెషర్‌కి కంటి నరం మాత్రం అప్పటికే దెబ్బతింది, ఆ పక్క చూపు తిరిగి రాలేదు.

స్టెరాయిడ్ చుక్కలు కొన్ని వారాలు వాడితే సుమారు మూడోవంతు మందికి ప్రెషర్ ఎంతో కొంత పెరుగుతుంది, కొందరికి ఉన్నదాని మీద 15కి పైనే పెరుగుతుంది. తల్లిదండ్రుల్లో నీటికాసులు (గ్లాకోమా) ఉన్నవాళ్ళకి ముప్పు ఎక్కువ. నాన్న రాత్రి తొమ్మిదికి ఏ చుక్క వేసుకుంటారో నీకు తెలుసు కదా, నాన్నా.

వట్టి దురదకే అయితే ఇవాళే ఆపెయ్. కంటి లోపలి వాపుకి డాక్టరు రాసిచ్చినవైతే అడక్కుండా ఆపకు. కంటి డాక్టరు దగ్గరికి ఉదయం పూటే వెళ్ళు, చాలామందికి ప్రెషర్ అప్పుడే ఎక్కువగా ఉంటుంది. ప్రెషర్‌ని గోల్డ్‌మన్ పద్ధతిలో, అంటే కంటికి తాకించి కొలిచే పరికరంతో చూడమను, కార్నియా (కంటి ముందు పొర) మందం, కంటి నరం, పక్క చూపు తెలిసే ఫీల్డ్ పరీక్ష కూడా. నాన్న సంగతి నువ్వే చెప్పు, వాళ్ళు అడిగేదాకా ఆగకు. మానేసిన మూడు వారాలకి మళ్ళీ చూపించుకో. దురదకి స్టెరాయిడ్ లేని అలెర్జీ చుక్కలు, ఓలోపాటడిన్, రాయమని అడుగు, చల్లటి గుడ్డ పెట్టుకో, నలపకు. చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను.

సుజాత చేత గోంగూర, రెండు కాటన్ తువ్వాళ్ళు పంపుతున్నాను. కళ్ళకి వేరే తువ్వాలు వాడు. అన్నం వేళకి తింటున్నావా? ఉత్తరం చదవగానే సీసా ఫొటో పంపు, లేబుల్ కనపడేలా, రెండు వైపులా.

అమ్మ