మధుమేహం, బీపీ రోగుల ఫైలులో రెటీనా ఫొటో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మధుమేహం, రక్తపోటుపై మీ పత్రికలో వచ్చే వ్యాసాల్లో గుండె గురించి, మూత్రపిండాల గురించి, పాదాల సంరక్షణ గురించి వివరంగా రాస్తున్నారు కానీ, కంటి దగ్గరికి వచ్చేసరికి ‘ఏడాదికోసారి పరీక్ష చేయించుకోవాలి’ అన్న ఒక్క వాక్యంతో సరిపెడుతున్నారు. కంటి లోపల వెనుకవైపు ఉండి దృశ్యాన్ని గ్రహించే పొర అయిన రెటీనాకు ఫొటోలు తీసే విభాగంలో చాలాకాలంగా పనిచేస్తున్నందువల్ల, ఆ ఒక్క వాక్యం చాలదని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను.

శరీరంలోని ప్రతి రక్తనాళానికీ లోపలివైపు ఒకే ఒక్క కణం మందాన ఎండోథీలియం అనే పొర ఉంటుంది. నాళం ఎప్పుడు సడలాలి, ఎప్పుడు బిగియాలి, రక్తంలోంచి ఏది కణజాలంలోకి పోవాలి, ఏది పోకూడదు అన్నవి చాలావరకు ఈ కణాల చేతిలోనే ఉంటాయి. నాళాన్ని సడలించే పదార్థమొకటి వీటి నుంచే విడుదలవుతుందని 1980లో అమెరికా శాస్త్రవేత్త రాబర్ట్ ఫర్చ్‌గాట్ చూపించారు. అది నైట్రిక్ ఆక్సైడ్ అని తరువాత తేలింది. ఈ కృషికి ఆయనతో పాటు లూయీ ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు 1998లో నోబెల్ బహుమతి లభించింది. గ్లూకోజు ఏళ్ల తరబడి అదుపు తప్పినా, రక్తపోటు పెరిగినా, పొగతాగే అలవాటు ఉన్నా ఈ పొర దెబ్బతింటుంది. గుండెలోనో మూత్రపిండంలోనో ఆ నష్టం కంటికి కనిపించదు. కోత లేకుండా, సూది గుచ్చకుండా సన్నని ధమనులను, సిరలను ఇంత స్పష్టంగా చూడగలిగేది రెటీనాలోనే. జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కంటి లోపలిభాగాన్ని చూసే ఆఫ్తాల్మోస్కోపు అనే పరికరం గురించి ప్రకటించిన నాటి నుంచీ వైద్యులకు ఈ అవకాశం ఉంది.

రెటీనా కేశనాళికల్లో ఎండోథీలియల్ కణాలు సందు లేకుండా ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. వాటిని బయటి నుంచి పెరిసైట్లనే కణాలు పట్టుకుని ఉంటాయి. మధుమేహంలో ఈ పెరిసైట్లు తొలిదశలోనే నశిస్తాయి. గోడ బలహీనపడిన చోట నాళం ఉబ్బి, ఫొటోలో సూదిమొనంత ఎర్ర చుక్కగా కనిపిస్తుంది. కణాల మధ్య అతుకులు సడలినప్పుడు ద్రవం, కొవ్వు బయటికి ఊరి పసుప్పచ్చ మచ్చలు ఏర్పడతాయి; ఆ ద్రవం చూపుకు కేంద్రమైన మాక్యులాలో చేరితే అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి. కేశనాళికలు మూసుకుపోయి ఆక్సిజన్ అందని రెటీనా వీఈజీఎఫ్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో ఎండోథీలియల్ కణాలు విభజన చెంది కొత్త నాళాలు పుట్టుకొస్తాయి కానీ, వాటి గోడలకు పటుత్వం ఉండదు. అవి చిట్లి కంటిలోపల రక్తం నిండవచ్చు, లేదా మచ్చకట్టిన కణజాలం లాగడం వల్ల రెటీనా ఊడిరావచ్చు.

ఇంత జరుగుతున్నా చాలాకాలం చూపు మామూలుగానే ఉండవచ్చు. చార్టులో చివరి వరుస దాకా తడుముకోకుండా చదివి ‘నా కళ్లకేమీ లేదు, ఫొటో ఎందుకు’ అని అడిగినవారి రెటీనాలోనే ఎర్ర చుక్కలు చెదురుమదురుగా కనిపించడం మాకు కొత్త కాదు.

నన్ను ఎక్కువగా బాధించేది మరొకటుంది. ఆ ఫొటో, దాని రిపోర్టు కంటి విభాగం ఫైలులోనే ఉండిపోతాయి. మందుల మోతాదు నిర్ణయించే ఫిజీషియన్‌కు చేరవు. రెటినోపతీ, అంటే ఇలా రెటీనా నాళాలు దెబ్బతినే జబ్బు, ఉన్నవారికి మూత్రపిండాల జబ్బు, పక్షవాతం, గుండె జబ్బుల ముప్పు ఎక్కువని పెద్ద అధ్యయనాలు చెబుతున్నాయి. రెటీనా శుభ్రంగా ఉన్నంత మాత్రాన గుండె కూడా బాగుందని అనుకోకూడదు, కానీ మచ్చలు కనిపించిన రిపోర్టు మాత్రం ఫిజీషియన్ చూడాల్సిందే. గ్లూకోజును వేగంగా తగ్గించే చికిత్స మొదలుపెట్టినప్పుడు, అప్పటికే ఉన్న రెటినోపతీ కొంతకాలం ముదిరే ప్రమాదం ఉంది కనుక, అలాంటి చికిత్సకు ముందే ఫొటో తీయించడం అవసరం. గర్భిణులైన మధుమేహ రోగుల విషయంలో ఈ జాగ్రత్త మరింత ముఖ్యం.

టైప్-1 మధుమేహ రోగులు గ్లూకోజును గట్టిగా అదుపులో పెట్టుకుంటే రెటినోపతీ మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గుతుందని డీసీసీటీ అనే పెద్ద మధుమేహ అధ్యయనం 1993లోనే నిరూపించింది. వీఈజీఎఫ్‌ను అడ్డుకునే ఇంజెక్షన్లు, లేజర్ చికిత్స ఎంతోమంది చూపును కాపాడుతున్నాయి కానీ, మూసుకుపోయిన కేశనాళికలను అవి తిరిగి తెరవలేవు. ఇంగ్లండ్‌లో 2003 నుంచి మధుమేహ రోగులందరికీ క్రమపద్ధతిలో రెటీనా ఫొటోలు తీసే కార్యక్రమం నడుస్తోంది. 2009-10 నాటి లెక్కలు చూసేసరికి, పనిచేసే వయసువారి అంధత్వానికి ఇంగ్లండ్, వేల్స్‌లలో దశాబ్దాలుగా మొదటి కారణంగా ఉన్న డయాబెటిక్ రెటినోపతీ ఆ స్థానం నుంచి దిగిపోయింది. గ్లూకోజు అదుపు మెరుగుపడటం కూడా ఇందుకు తోడ్పడి ఉండవచ్చు.

కనుక టైప్-2 మధుమేహం బయటపడిన రోజునే రెటీనా ఫొటోకు పంపడం, రిపోర్టు ప్రతిని తప్పనిసరిగా ఫిజీషియన్‌కు అందజేయడం ఆసుపత్రుల నిబంధనల్లో చేర్చాలని ఆరోగ్య శాఖలను కోరుతున్నాను. ఫొటోలను విశ్లేషించే కృత్రిమ మేధ పరికరానికి 2018లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది గనుక, కంటి డాక్టరు లేని చోట కూడా తొలి వడపోత సాధ్యమే. నొప్పి లేకుండా ఒక కంటి చూపు హఠాత్తుగా పోతే అది రెటీనా ధమని మూసుకుపోవడం కావచ్చనీ, దాన్ని పక్షవాతంలాగే భావించి ఒక్క గంట కూడా ఆగకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలనీ మీ ఆరోగ్య పేజీలో ప్రముఖంగా ప్రచురించవలసిందిగా మనవి.

భవదీయుడు,
ఒక నేత్ర పరీక్షా విభాగ ఉద్యోగి