కుఫ్రీ సూర్య విత్తనం ఈ సీజన్‌లో ఇవ్వలేకపోతున్నాను

జహీరాబాద్, కోహీర్ వైపు రైతులకు నమస్కారం. ఆలుగడ్డ విత్తనం కోసం మా షాపులో అడ్వాన్స్ కట్టినవాళ్లకు ఈ విషయం నేనే చెప్పాలి. మీరడిగిన కుఫ్రీ సూర్య రకం లోడు వచ్చింది, దించుకోకుండా తిప్పి పంపేశాను.

బస్తాలకు ట్యాగులు సరిగానే ఉన్నాయి. గడ్డ కూడా పైకి నున్నగా, కళ్లు లోతు లేకుండా బాగుంది. అయినా లారీ మీదే కొన్ని కోసి చూశాను. సూర్య గడ్డలో కండ లేత పసుపుగా ఉండాలి. చాలా బస్తాల్లో మామూలు రకమైన జ్యోతి గడ్డలా తెల్లగా ఉంది. సప్లయర్‌కు ఫోన్ చేస్తే, "ఆలుగడ్డ ఆలుగడ్డే కదా, మీ రైతులకేం తెలుస్తుంది" అన్నాడు. ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

తేడా ఎందుకు లేదు? ఆలుగడ్డకు పగటి ఎండకన్నా రాత్రి వేడితోనే చిక్కు. రాత్రి 20 డిగ్రీలు దాటితే మామూలు రకాలు ఆకు, కాడ పెంచుకుంటాయి తప్ప గడ్డ సరిగా కట్టవు. సూర్య 25 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కుఫ్రీ లౌకర్ అనే రకాన్ని, వేడికి తట్టుకునే ఎల్‌టి-1 అనే మరో రకాన్ని సంకరం చేసి సిమ్లాలోని ఆలుగడ్డ పరిశోధన సంస్థ 2006లో విడుదల చేసిన రకం అది. ఆకులు మాడ్చే దీపపు పురుగునూ బాగా తట్టుకుంటుంది. ముందుగా నాటి మంచి రేటు పట్టాలని మీరు సూర్య అడిగారు. ఆ వేడిలో జ్యోతి నాటితే పొలం పచ్చగా కనిపిస్తుంది, తవ్వితే గోలీలంత గడ్డలుంటాయి.

తిప్పి పంపడానికి ముందు రాత్రంతా నిద్ర లేదు. మీరు దుక్కులు చేసుకుని, ఎరువు తోలుకుని కూర్చున్నారు. అదునుకు విత్తనం లేదంటే ఎంత కోపమొస్తుందో నాకు తెలుసు. తక్కువ రేటుకు జ్యోతి అని చెప్పి అమ్మేయమని బజారులో చాలామంది అన్నారు. జ్యోతి అని కూడా ఎలా చెప్పను? అది కల్తీ సరుకు. మా నాన్న పెట్టిన షాపు పేరుతో అలాంటి రసీదు రాయను.

అడ్వాన్స్ మొత్తం వెనక్కి ఇస్తున్నాను, రసీదు తెచ్చుకుంటే చాలు. రాత్రులు చల్లబడ్డాక నవంబర్‌లో నాటేవాళ్లకు వేరే చోటి నుంచి అసలు జ్యోతి తెప్పిస్తున్నాను, జ్యోతి రేటుకే. మీ ముందే కోసి చూపించాకే తూకం వేస్తాను. పాత సప్లయర్ రేటు తగ్గిస్తానని రోజూ ఫోన్ చేస్తున్నాడు. అతని దగ్గర ఇక ఒక్క బస్తా కూడా కొనను.