ఇంటి కూడికల్ని బతికించుకుందాం

ఎడిటర్ గారికి నమస్కారం.

2011 జనాభా లెక్కల ప్రకారం మా గజపతి జిల్లాలో మూడో వంతుకు పైగా క్రైస్తవులమే. కొండల మీద సవర గిరిజనులు చాలామంది, ఇక్కడ పర్లాకిమిడిలో మాలాంటి తెలుగువాళ్ళం, ఒడియా వాళ్ళు. అయినా ఈమధ్య మనశ్శాంతి కావాలంటే పెద్ద మైదానం, పెద్ద స్పీకర్లు, బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడు ఉండాలన్నట్టు తయారైంది. నాకు చాలా బాధగా ఉంది.

మా వీధిలో బుధవారం సాయంత్రం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకి కూడుకుంటాం. చాప పరిచి కూర్చుంటే ఒకామె కొడుకు ఫీజు కట్టలేక పడే టెన్షన్ చెప్పుకుంటుంది, ఇంకొకాయన మందుల ఖర్చు చెబుతాడు, సవర పెద్దావిడ తన భాషలో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుంది, మాలో సగం మందికి ఒక్క ముక్క అర్థం కాదు, అయినా చివర్లో అందరం ఆమెన్ అంటాం. ఆ తర్వాత టీ, మరమరాలు. మర్నాడు ఆ ఫీజు సంగతి ఎవరో ఒకరు చూస్తారు, చెప్పుకోరు.

తొలి విశ్వాసులు కూడా ఇంటింటా రొట్టె విరిచి ఆనందంగా తిన్నారని అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో ఉంది కదా! దేనికీ చింతపడవద్దని ఫిలిప్పీయులకు రాసినప్పుడు అపొస్తలుడు పౌలు కూడా చెరసాల బంధకాల్లోనే ఉన్నాడు.

పాస్టర్లకు నా మనవి ఒక్కటే: మహాసభలు పెట్టుకోండి, కాదనను, కానీ వాటి కోసం బుధవారం కూడికలు ఆపేయకండి. ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళని, ఒంటరిగా ఉన్న ముసలివాళ్ళని ముందు ఈ ఇంటి కూడికలకే పిలవండి.

ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, ఒడిశా