గుత్తిలో ఎక్కిన ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) సార్‌కు కృతజ్ఞతలు

మొన్న రాత్రి కడప నుంచి గుంతకల్లుకు వస్తుంటే, తాడిపత్రి దాటాక తాగినాయన ఒకడు మా బోగీలో ఆడవాళ్ల మీద అరవడం మొదలుపెట్టాడు. రైల్వే హెల్ప్‌లైన్ 139కి ఫోన్ చేశాం. గుత్తిలో మీరిద్దరు ఎక్కారు.

సార్, మీరు లాఠీ ఎత్తలేదు, గొంతూ పెంచలేదు. అతనికీ మాకూ మధ్య నిలబడి, "రా నాయనా, కిందికి దిగి మాట్లాడుకుందాం" అన్నారు. మీ తోటి ఆయన వీడియోలు తీస్తున్న కుర్రాళ్లను వెనక్కి పంపారు. చూసేవాళ్లుంటే తాగినోడికి ఊపు ఇంకా ఎక్కువ కదా! 1989 రైల్వే చట్టం 145వ సెక్షన్ ప్రకారం అలాంటివాళ్లను రైలు దింపేయొచ్చని మాకు అప్పుడే తెలిసింది.

మా అమ్మ టెన్షన్ చూసి, గుంతకల్లు దాకా మీవాళ్లు ఒకరు బోగీలోనే ఉండేలా చేశారు. పేరడిగితే నవ్వి దిగిపోయారు. చాలా థ్యాంక్స్ సార్.