200 పెద్దదా, 350 పెద్దదా?

విజయవాడ

చిట్టీ,

నాన్న దీవెనలు. అమ్మా నేనూ బాగున్నాం. ఏ బైకు కొనాలని నువ్వు అడిగినదానికి జవాబు ఫోన్లో చెప్తే కుదరదు, లెక్కలున్నాయి. అందుకే రాస్తున్నాను. కాగితం, పెన్ను పక్కన పెట్టుకుని చదువు.

కేటీఎం డ్యూక్ 200 తీసుకుంటానంటే మీ ఆఫీసులో వాళ్ళు "రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఉండగా 200 ఏంటి, సగం బండి" అన్నారన్నావు. ముందు ఒక్క సంగతి విను. క్లాసిక్ 350 పవర్ 20 హార్స్ పవర్ చిల్లర. డ్యూక్ 200ది దాదాపు 25. సీసీ తక్కువున్న దానికే పవర్ ఎక్కువ. మరి సీసీ అంటే ఏమిటి?

సైకిల్‌కి గాలి కొట్టే పంపు తెలుసు కదా. హ్యాండిల్ పైదాకా లాగితే అందులోకి ఎంత గాలి వస్తుందో అది ఆ పంపు కొలత. ఇంజన్‌కి కూడా అంతే. సిలిండర్ అనే గొట్టంలో పిస్టన్ అనే దిమ్మ పైనుంచి కిందికి దిగితే ఎంత ఖాళీ ఏర్పడుతుందో, ఆ ఖాళీ ఎన్ని ఘన సెంటీమీటర్లో, అదే సీసీ. సిలిండర్ వెడల్పుని బోరు అంటాం, పిస్టన్ నడిచే దూరాన్ని స్ట్రోక్ అంటాం. ఈ రెండూ తెలిస్తే సీసీ నువ్వే కట్టేయొచ్చు.

మొన్న షెడ్డులో ఈ రెండు బండ్ల ఇంజన్లూ ఒకేసారి విప్పాల్సి వచ్చింది. రెండు సిలిండర్లూ కడిగి బల్ల మీద పక్కపక్కన పెట్టి, కుర్రాళ్ళ చేత వెర్నియర్‌తో, అంటే సన్నని కొలతలు తీసే స్కేలుతో, బోరు కొలిపించాను. ఒకటి 72 మిల్లీమీటర్లు. రెండోదీ 72 మిల్లీమీటర్లే! కుర్రాళ్ళు నమ్మలేక మళ్ళీ కొలిచారు. తేడా అంతా స్ట్రోక్‌లోనే ఉంది. డ్యూక్‌ది 49 మిల్లీమీటర్లు, క్లాసిక్‌ది 85.8.

ఇప్పుడు లెక్క కట్టు. బోరులో సగం 3.6 సెంటీమీటర్లు. దాన్ని దానితోనే గుణిస్తే 12.96. దాన్ని 3.1416తో గుణిస్తే 40.72. ఇది పిస్టన్ తల వైశాల్యం, రెండింటికీ ఒకటే. దీన్ని 4.9తో గుణిస్తే 199.5 వస్తుంది, అది డ్యూక్. 8.58తో గుణిస్తే 349.3, అది క్లాసిక్. కంపెనీ కాగితాల్లో ఉన్న అంకెలు ఇవే.

అసలు కిటుకు ఇక్కడి నుంచి. సీసీ ఒక్క గుక్క ఎంతో చెప్తుంది. నిమిషానికి ఎన్ని గుక్కలో చెప్పదు. ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లని ఆర్‌పీఎం అంటాం. క్లాసిక్ తన పూర్తి పవర్ ఇచ్చేది 6,100 ఆర్‌పీఎం దగ్గర. డ్యూక్ ఇచ్చేది 10,000 దగ్గర. క్రాంక్, అంటే పిస్టన్ తిప్పే ఇరుసు, ఒక్క చుట్టు తిరిగితే పిస్టన్ ఒకసారి కిందికి, ఒకసారి పైకి వెళ్తుంది. అంటే క్లాసిక్‌లో చుట్టుకి 17.16 సెంటీమీటర్లు, డ్యూక్‌లో 9.8. చుట్లతో గుణించి చూడు. క్లాసిక్ పిస్టన్ నిమిషానికి సుమారు 1,047 మీటర్లు నడుస్తుంది, డ్యూక్ పిస్టన్ 980 మీటర్లు. రెండూ ఇంచుమించు కిలోమీటరే! స్ట్రోక్ పొడుగున్న ఇంజన్‌ని 10,000 తిప్పితే పిస్టన్ వేగం, దాని మీద పడే బరువు లోహం ఓర్చుకోలేనంత అవుతాయి, అందుకే దాన్ని నిదానంగా తిప్పేలా తయారుచేస్తారు. పొట్టి స్ట్రోక్‌కి ఆ ఇబ్బంది తక్కువ. పిస్టన్ తల ఒకటే, నడిచే దూరం ఒకటే అయినప్పుడు నిమిషానికి లోపలికి పట్టే గాలి కూడా దాదాపు ఒకటే కదా. 350కీ 200కీ మధ్య తేడా అనుకున్నది అక్కడికి చెరిగిపోయింది.

ఆ మిగిలిన నాలుగైదు హార్స్ పవర్ ఎక్కడిదంటే, హెడ్‌లో, అంటే సిలిండర్ పై మూతలో ఉంది. గాలిని లోపలికి, పొగని బయటికి వదిలే వాల్వులు డ్యూక్‌కి నాలుగు, క్లాసిక్‌కి రెండు. ఎక్కువ ఆర్‌పీఎంలో కూడా డ్యూక్‌కి గాలి నిండుగా అందుతుంది. కంప్రెషన్, అంటే పిస్టన్ గాలిని నొక్కడం, కూడా దానిదే ఎక్కువ. ఆ వేడిని తట్టుకోవడానికి రేడియేటర్ పెట్టారు.

అలాగని 350 దండగ అని నేను అనను. వాళ్ళు సగం బండి అన్నది తప్పు, అంతే. క్లాసిక్ టార్క్, అంటే తిప్పే బలం, 27 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎంకే చేతికొస్తుంది. డ్యూక్‌ది 19 చిల్లర, దానికోసం ఇంజన్‌ని ఇంకా చాలా పైకి తిప్పాలి. నువ్వు రోజూ కూకట్‌పల్లి నుంచి గచ్చిబౌలి వెళ్తావు. ఆ ట్రాఫిక్‌లో 10,000 ఆర్‌పీఎం ఎక్కడ తిప్పుతావమ్మా? మూడు నాలుగు వేల దగ్గరే బతకాలి. అక్కడ పొడుగు స్ట్రోక్ ఇంజన్ గేరు మార్చమని సతాయించకుండా లాగుతుంది. డ్యూక్ అయితే ఊరికే గేర్లు దించుకుంటూ ఉండాలి. చేతికి పని, క్లచ్‌కీ పని.

కానీ క్లాసిక్ 195 కేజీలు. మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఆ ఇరుకులో దాన్ని తిప్పుకోవడం నీకు కష్టం. అదే ఇంజన్‌తో హంటర్ 350 వస్తుంది, 181 కేజీలు, సీటు ఎత్తు కూడా తక్కువ. నన్నడిగితే దానికే ఓటు. నీకు హైవే మీద పరుగే ఇష్టమైతే డ్యూక్ తీసుకో, నేను అడ్డు చెప్పను.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే సీసీని అందరికంటే గట్టిగా పట్టించుకునేది ప్రభుత్వమే. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బండ్లకి జీఎస్టీ 18 శాతం, అది దాటితే 40. నువ్వు చూస్తున్నవన్నీ ఆ గీతకి లోపలే ఉన్నాయి. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్‌లో కూడా 150 నుంచి 350 దాకా ఒకటే రేటు, కాబట్టి 200 తీసుకుంటే ప్రీమియం తగ్గుతుందని ఎవరన్నా చెప్తే నమ్మకు.

మన పాత స్ప్లెండర్ బోరు చేయించాక, అంటే అరిగిన సిలిండర్‌ని కాస్త వెడల్పు చేయించాక, సీసీ పెరిగిందా అని తమ్ముడు అడిగాడు. వాడికి నువ్వే లెక్క నేర్పించు. బోరు 50, స్ట్రోక్ 49.5, అంటే 97.2. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేస్తే 99.1. పెరిగినట్టే, కానీ నడిపేవాడికి తెలియదు. బండి హుషారైందంటే కొత్త పిస్టన్, రింగుల వల్ల కంప్రెషన్ మళ్ళీ నిలబడి.

షోరూంకి వెళ్ళినప్పుడు స్టార్ట్ చేయకముందే సైడ్ స్టాండ్ మీంచి లేపి, న్యూట్రల్‌లో నాలుగడుగులు వెనక్కి తోసి చూడు. టెస్ట్ రైడ్‌లో స్పీడ్ కొట్టొద్దు. మూడో గేరులో ఇరవై ముప్పై మీద వెళ్తూ మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వు, కొట్టుకుంటుందో లాగుతుందో చూడు. అడ్వాన్స్ కట్టేముందు కొటేషన్ ఫోటో తీసి పంపు, ఆన్‌రోడ్ ధరలో ఏమేం కలిపారో నేను చూసి చెప్తాను. హెల్మెట్ మాత్రం ఐఎస్ఐ మార్కుది ఆ రోజే కొనుక్కో.

మీ నాన్న