మూత్రంలో ఈజీఎఫ్ ఉండటం జబ్బు కాదు

సంపాదకులకు,

గ్రోత్ ఫ్యాక్టర్లు (కణాలను పెరిగి విభజన చెందమని చెప్పే ప్రోటీన్లు) ఎక్కువైతే క్యాన్సర్ వస్తుందన్నట్టు మీ ఆరోగ్యం పేజీలో రాశారు. మూత్రాశయం విషయంలో ఆ ఒక్క మాటతో సరిపెట్టడం కుదరదు. ఈజీఎఫ్ అనే గ్రోత్ ఫ్యాక్టర్‌ను కిడ్నీలే తయారుచేసి మూత్రంలోకి వదులుతాయి. రక్తంలో కంటే మూత్రంలోనే అది చాలా ఎక్కువ. మూత్రం నుంచి వేరుచేసిన యూరోగాస్ట్రోన్ అనే పదార్థం నిర్మాణం 1975లో తెలిశాక, అది మనిషి ఈజీఎఫేనని తేలింది. అంత ఈజీఎఫ్ రాత్రింబవళ్లు తగులుతున్నా మూత్రాశయం లోపొర కణాలు మామూలుగా విభజన జోలికి పోవు. పేగు లోపొర కొద్ది రోజులకే మారిపోతుంది, దీనికి నెలలు పడుతుంది.

గ్రోత్ ఫ్యాక్టర్‌ను పట్టుకుని కణానికి కబురందించే రిసెప్టర్లు ఎక్కడున్నాయన్నదే ఇక్కడ కీలకం. అన్నిటికన్నా పైన, మూత్రానికి తగిలేచోట, గొడుగు కణాలుంటాయి. వాటి పైభాగం యూరోప్లాకిన్ అనే ప్రోటీన్ల పలకలతో నిండి ఉంటుంది, కణానికీ కణానికీ మధ్య సందు కూడా గట్టిగా బిగిసి ఉంటుంది. ఈజీఎఫ్‌ను పట్టుకునే రిసెప్టర్లేమో ప్రధానంగా అడుగు వరస కణాల మీద ఉంటాయి. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, క్యాథెటర్ గీరుకున్నా, సైక్లోఫాస్ఫమైడ్ అనే క్యాన్సర్ మందు నుంచి పుట్టే అక్రోలిన్ కాల్చినా పైవరస ఊడిపోతుంది. అప్పుడు అడుగు కణాలు బయటపడి, రోజుల్లోనే గాయాన్ని పూడుస్తాయి. అవి మూత్రంలోని ఈజీఎఫ్ మీదే ఆధారపడవు కూడా: హెచ్‌బీ-ఈజీఎఫ్, యాంఫిరెగ్యులిన్ వంటి ఈజీఎఫ్ కుటుంబపు గ్రోత్ ఫ్యాక్టర్లను తామే వదిలి, తమ రిసెప్టర్ల మీదే పనిచేయించుకుంటాయి. కింది కణజాలం నుంచి ఎఫ్‌జీఎఫ్7 అనే ఇంకో గ్రోత్ ఫ్యాక్టర్ తోడవుతుంది. టీజీఎఫ్-బీటా అనే ప్రోటీన్ మాత్రం విభజనకు బ్రేకు వేస్తుంది.

అవే కణాలు పరిస్థితిని బట్టి పెరగడం, ఆగడం ల్యాబ్‌లో మనిషి మూత్రాశయ కణాలను పెంచేవారికి రోజూ కనిపించే సంగతే. సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) లేని పోషక ద్రవంలో ఈజీఎఫ్ వంటివి వేస్తారు. కాల్షియం 0.09 మిల్లీమోలార్ దగ్గర ఉంచితే కణాలు ఒకే వరసలో గబగబా పెరుగుతాయి. కాల్షియం 2 మిల్లీమోలార్‌కు పెంచి, 5 శాతం సీరం ఇస్తే పెరుగుదల తగ్గి, వరసలు కట్టి, సందులు బిగించుకుంటాయి.

క్యాన్సర్‌లో తప్పు తరచుగా రిసెప్టర్‌లోనే ఉంటుంది. మూత్రాశయం ఖాళీలోకి పుట్టగొడుగుల్లా పెరిగే తక్కువ తీవ్రత గడ్డల్లో, ఎఫ్‌జీఎఫ్‌లను పట్టుకునే ఒక రిసెప్టర్‌ను తయారుచేసే ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 జన్యువులో మ్యుటేషన్ (మార్పు) ఎక్కువగా కనిపిస్తుంది. వాటిలో తరచుగా దొరికేది ఆ రిసెప్టర్ ప్రోటీన్‌లో 249వ స్థానంలో సెరీన్ అనే అమైనో ఆమ్లం బదులు సిస్టీన్ అనే అమైనో ఆమ్లం రావడం. ఆ సిస్టీన్ల వల్ల రెండు రిసెప్టర్లు ఒకదానికొకటి బంధం వేసుకుని, గ్రోత్ ఫ్యాక్టర్ వచ్చినా రాకపోయినా పనిచేస్తూనే ఉంటాయి. అలాంటప్పుడు మూత్రంలో గ్రోత్ ఫ్యాక్టర్ ఎంత ఉందో కొలిచి ఏం లాభం?

ముదిరిన మూత్రాశయ క్యాన్సర్‌లో ఈ మార్పు ఉన్నవారి కోసం ఆ రిసెప్టర్‌ను అడ్డుకునే ఎర్డాఫిటినిబ్ మాత్రకు 2019 ఏప్రిల్‌లో అమెరికా అనుమతిచ్చింది. మ్యుటేషన్ ఉందో లేదో గడ్డ ముక్కలో చూశాకే మొదలుపెట్టాలి. రోజుకు 8 మిల్లీగ్రాములతో ప్రారంభించి, రెండు మూడు వారాలకు రక్తంలో ఫాస్ఫేట్ చూసి మోతాదు నిర్ణయిస్తారు. ఒంట్లోని ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి పంపించే ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోన్ పనికి కూడా ఈ మందు అడ్డుపడుతుంది కాబట్టి ఫాస్ఫేట్ పెరుగుతుంది. కళ్ల పరీక్షా తప్పదు.

మీ పాఠకులకు ముందు చెప్పవలసిన సంగతి వేరే ఉంది. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడి, దానంతటదే ఆగిపోయినా వదిలేయకూడదు. సిగరెట్, బీడీ అలవాటున్నవారైతే మరీను: పొగలోని ఆరోమాటిక్ అమైన్లు అనే క్యాన్సర్ కారక రసాయనాలు మూత్రంలో చేరి, ఈ పొరను ఆనుకునే గంటల తరబడి నిలుస్తాయి. యాంటీబయాటిక్ కోర్సు వాడి ఊరుకోకుండా యూరాలజిస్టు దగ్గర సిస్టోస్కోపీ (మూత్రాశయం లోపలికి సన్నటి గొట్టం పంపి చూసే పరీక్ష) గురించి అడగాలి.

— కణజీవశాస్త్ర అధ్యాపకులు, హైదరాబాద్