వణుకు ఆగింది, తూలడం ఆగలేదు

సంపాదకులు గారికి,

చేతుల వణుకు, నడకలో ఇబ్బంది తెచ్చే పార్కిన్సన్స్ వ్యాధి రోగుల మెదడులో సన్నని తీగలు అమర్చి, వాటి గుండా విద్యుత్ పంపి చేసే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ చికిత్స గురించి ఆసుపత్రుల ప్రకటనలు ఈ మధ్య ఫోన్లలో తరచుగా కనిపిస్తున్నాయి. అన్నింటిలోనూ దృశ్యం ఒకటే: పరికరం ఆన్ చేయగానే చెయ్యి వణకడం ఆగిపోతుంది. అందులో మోసమేమీ లేదు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనబీద్ అనే మెదడు శస్త్రవైద్యుడి బృందం మొదలుపెట్టిన ఈ పద్ధతి వణుకును, కండరాల బిగుతును బాగా అదుపు చేస్తుందన్నది రుజువైన విషయమే. ఆ మనిషి కుర్చీలోంచి లేచి, నాలుగడుగులు నడిచి, వెనక్కి తిరగడం మాత్రం ఏ ప్రకటనలోనూ చూపించరు.

మా నాన్నగారికి మూడేళ్ల కిందట ఈ ఆపరేషన్ జరిగింది. అంతకుముందు కాఫీ సగం గ్లాసే పోసే అమ్మ ఇప్పుడు నిండుగా పోస్తోంది. అయితే ఆయన స్నానాల గదిలో వెనక్కి తిరగబోయి పడి మణికట్టు విరగ్గొట్టుకున్నది ఆపరేషన్ తర్వాతే. వంటింటి గడప దగ్గర కాళ్లు నేలకు అంటుకుపోయినట్టు నిలబడిపోవడమూ పోలేదు. సెకనుకు 130 సార్లు వెళ్లే విద్యుత్ స్పందనలను 60కి తగ్గిస్తే నడక కొంత తేలికపడింది గానీ, వణుకు తిరిగొచ్చింది.

ఆపరేషన్‌కు ముందు రోగిని రాత్రంతా మందు లేకుండా ఉంచి, పొద్దున నడిపించి చూసి, ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు లెవోడోపా మాత్ర వేశాక మళ్లీ నడిపించి చూస్తారు. మాత్రతో మెరుగుపడేవే సాధారణంగా ఆపరేషన్‌తోనూ మెరుగుపడతాయి. వణుకు ఒక్కటే మినహాయింపు, మాత్రకు లొంగనిది కూడా తీగలకు లొంగవచ్చు. మాత్ర బాగా పనిచేస్తున్న వేళలో కూడా తూలిపడేవారికి ఆ తూలడం ఆపరేషన్‌తో పోతుందని ఆశించకూడదు. నాన్నగారికీ ఈ పరీక్ష చేశారు, కానీ ఫలితాన్ని మాకెవరూ విడమరిచి చెప్పలేదు. మేం సంతకం పెట్టిన అంగీకారపత్రం మొత్తం ఇంగ్లిషులో ఉంది; పడిపోయే ప్రమాదం గురించి అందులో ఒక వాక్యం ఉన్న సంగతి, మణికట్టు విరిగాక పాత కాగితాలు తిరగేస్తుంటే నా కంటబడింది.

అంగీకారపత్రం తెలుగులో ఉండాలనీ, ఈ మనిషికి ఏది తగ్గుతుందో, ఏది తగ్గదో ఆ పరీక్ష ఆధారంగా అందులో రాసి ఇవ్వాలనీ ఆరోగ్యశాఖ నిబంధన పెట్టాలి. నడక శిక్షణను కూడా చికిత్సలో భాగం చేయాలి. గడపకు ముందు సుద్దముక్కతో అడ్డగీతలు గీస్తే ఒక్కో గీత దాటుతూ కాలు కదులుతుందనీ, మడమ మీద గిరుక్కున తిరగకుండా చిన్న చిన్న అడుగులతో చుట్టూ తిరగాలనీ ఒక ఫిజియోథెరపిస్టు మాకు నేర్పించారు, అదీ ఆపరేషన్ అయిన ఏడాదిన్నరకు. ఆ శిక్షణ జిల్లా ఆసుపత్రుల్లోనే దొరికితే, నిలబడటమే కష్టమైన మనిషిని నెలకు రెండుసార్లు హైదరాబాద్ బస్సు ఎక్కించే అవస్థ మాలాంటివారికి తప్పుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు, జనగామ